సర్పంచుకు ఆరోగ్యశ్రీ ఉండొచ్చా?

అనంతపురం పల్లెల్లో పంచాయతీ రాజకీయం వేడెక్కితే బయటపడే ఆరోపణల్లో ఉపాధి పనుల దొంగ మస్టర్లు, ఇళ్ల స్థలాల పంపకం, వీధి దీపాల బిల్లులు ఎప్పుడూ ఉండేవే. వాటి సరసనే ఇంకొకటి వినిపిస్తుంది: ‘‘సర్పంచయ్యుండి ఆరోగ్యశ్రీలో ఆపరేషన్ చేయించుకున్నెడు. పేదోళ్ల కార్డు ఆయప్పకెట్లొచ్చెనప్పా?’’ అడగదగిన ప్రశ్నే. డబ్బు జనానిది, కుర్చీ జనం ఇచ్చినది. కానీ ఇందులో మూడు నాలుగు వేర్వేరు సంగతులు చిక్కుపడి ఉన్నాయి. వాటిని విడదీయకుండా రచ్చకట్ట మీద తేల్చేస్తే అర్హుడు దొంగవుతాడు, దొంగ దొరలా వెళ్లిపోతాడు.

ఈ ప్రశ్న అడిగే హక్కు అనంతపురానికి కాస్త ఎక్కువే ఉందనుకుంటాను. 2007 ఏప్రిల్ 1న వై.ఎస్. రాజశేఖరరెడ్డి ప్రభుత్వం ఆరోగ్యశ్రీని మొదలుపెట్టింది మూడు జిల్లాల్లో: అనంతపురం, మహబూబ్‌నగర్, శ్రీకాకుళం. కరువుకూ వలసకూ పేరుమోసిన జిల్లాలే మూడూ. తెల్ల రేషన్ కార్డు ఉంటే చాలు, కుటుంబానికి ఏడాదికి రెండు లక్షల దాకా వైద్యం. ఆ తర్వాత ప్రభుత్వాలు మారాయి, పథకం పేరు మారింది. ఇప్పుడు బోర్డు మీద ఎన్టీఆర్ వైద్య సేవ అని ఉంటుంది. జనం నోట మాత్రం ఆరోగ్యశ్రీయే. నేనూ ఆ మాటే వాడతాను.

అసలు సర్పంచు పదవికి వైద్య సౌకర్యం ఏదైనా ఉందా? లేదు. నెలకు 3,000 రూపాయల గౌరవ వేతనం, అదీ వచ్చినప్పుడు. ఎంపీటీసీకీ అంతే. ఎంపీపీకి, జెడ్పీటీసీకి 6,000. హెల్త్ కార్డు వీళ్లలో ఎవరికీ పదవితో పాటు రాదు. అదే పంచాయతీ ఆఫీసులో పక్క కుర్చీలో కూర్చునే కార్యదర్శి సంగతి వేరు. ఆయన ప్రభుత్వోద్యోగి. 2013 డిసెంబరులో ఉమ్మడి రాష్ట్రంలో వచ్చిన ఉద్యోగుల ఆరోగ్య పథకం, అదే ఈహెచ్‌ఎస్, ఆయనకు వర్తిస్తుంది. మొదట్లో జీతంలోంచి నెలకు 90 లేదా 120 రూపాయలు కోసేవాళ్లు, 2022 పీఆర్సీ తర్వాత అది 225, 300 అయింది. ఉద్యోగి వాటాకు ప్రభుత్వం తన వాటా కలుపుతుంది. భార్యాభర్తలు, పిల్లలు, ఆధారపడ్డ తల్లిదండ్రులు అందరూ అందులోకి వస్తారు. చెక్కు మీద ఇద్దరి సంతకాలూ పక్కపక్కనే పడాలి. జబ్బు చేస్తే మాత్రం ఒకరికి ప్రభుత్వ పథకం ఉంది, ఇంకొకరు తన ఇంటి ఆస్తిపాస్తుల లెక్క మీద ఆధారపడాలి.

ఇక్కడో మెలిక. సర్పంచమ్మ భర్త టీచరైతే ఆమెకు ఈహెచ్‌ఎస్ వస్తుంది, సర్పంచుగా కాదు, టీచరు భార్యగా. అప్పుడా ఇంటికి బియ్యం కార్డు ఉండకూడదు, ఎందుకంటే ఇంట్లో ప్రభుత్వోద్యోగి ఉన్నాడు. రెండూ ఉన్నాయని తేలితే అది నిజమైన తప్పు, నిలదీయాల్సిందే. కానీ ఆ తప్పు ఉద్యోగి ఇంటి తప్పు. సర్పంచు పదవికీ దానికీ సంబంధం లేదు.

అంటే ఆరోగ్యశ్రీ విషయంలో పదవి ఒక కొలతే కాదు. కొలిచేది కుటుంబాన్ని. తెల్ల కార్డుల కాలంలో రేషనూ వైద్యమూ ఒకే కార్డుతో ముడిపడి ఉండేవి. 2019-20లో వాటిని విడదీశారు. బియ్యం కార్డుకు ఒక గీత, ఆరోగ్యశ్రీకి ఇంకో గీత. బియ్యం కార్డు కావాలంటే పల్లెలో కుటుంబ ఆదాయం నెలకు 10,000 లోపు ఉండాలి, పట్నంలో 12,000 లోపు. మాగాణి మూడెకరాలు, మెట్ట పదెకరాలు, రెండూ కలిపినా పదెకరాలు మించకూడదు. ఆరోగ్యశ్రీ గీత చాలా ఎత్తున గీశారు. ఏడాదికి ఆదాయం ఐదు లక్షల లోపు, మాగాణి 12 ఎకరాల లోపు, మెట్టయితే 35 ఎకరాల లోపు, సొంత కారు ఒకటి ఉన్నా ఫర్వాలేదు. ఈ లెక్కన రాష్ట్రంలో కోటీ 43 లక్షల కుటుంబాలు పథకం కిందికి వచ్చాయి. పదింట దాదాపు తొమ్మిది ఇళ్లన్నమాట. అలాంటప్పుడు సర్పంచుకు ఆరోగ్యశ్రీ ఉండటం వింతేం కాదు. లేకపోతేనే ఆ ఇంటి కథేమిటో ఆరా తీయాలి.

ఇంకా విడ్డూరం చూడండి. జిల్లా పరిషత్ చైర్‌పర్సన్ గౌరవ వేతనం నెలకు 40,000. ఏడాదికి 4,80,000. అంత పెద్ద పదవి కూడా, ఒక్క గౌరవ వేతనమే లెక్క కడితే, ఐదు లక్షల గీతకు ఇరవై వేలు కిందే ఉంటుంది! ఏ చైర్‌పర్సనో ఈ పథకంలో చేరారని నేననడం లేదు. గౌరవ వేతనాన్ని చూసి అర్హత తేల్చబోతే ఎక్కడికి పోతామో చెబుతున్నానంతే.

మెట్ట, మాగాణి అన్న చోట అనంతపురం పాఠకుడు ఆగుతాడని తెలుసు. నేనూ ఆగుతాను, ఎందుకంటే అసలు తిరకాసంతా అక్కడే ఉంది. ఏడాదికి 550 మిల్లీమీటర్ల చుట్టూ వాన పడే నేల ఇది. ఆ వానా అదునుకు రాదు. కంబదూరు, కుందుర్పి వైపు పన్నెండెకరాల ఎర్రనేలలో వానమీద వేరుశనగ వేసే రైతు విత్తనకాయల అప్పు తీరితే ఆ ఏడు బాగుందనుకుంటాడు. కానీ రికార్డులో ఆయన పదెకరాలు దాటిన ఆసామి, బియ్యం కార్డుకు అనర్హుడు. కోస్తాలో కాలవ కింద రెండున్నర ఎకరాలున్న రైతుకు ఆ కార్డు దక్కుతుంది. ఆరోగ్యశ్రీకి మెట్ట గీతను 35 ఎకరాలకు పెంచడం ఇలాంటి రైతుకు మేలు చేసిందనడంలో సందేహం లేదు.

అయితే అదే గీత కింద మరో మనిషీ నిలబడతాడు. బోర్లు వేసుకుని, డ్రిప్పు పరిచి, ముప్పై ఎకరాల్లో చీనీ, దానిమ్మ పండించే ఆసామి. బోరు కింద భూమి రెవెన్యూ రికార్డులో చాలాచోట్ల మెట్టగానే ఉంటుంది. ప్రభుత్వ నీటి వనరు కింద ఉన్నదే మాగాణి. కాబట్టి భూమి రికార్డైన వన్‌బీలో ఆయనదీ ముప్పై ఎకరాల మెట్టే. ఆదాయం ఐదు లక్షలు దాటదా అంటే, మంచి ధరొచ్చిన ఏడు లారీల లెక్కన దాటుతుంది. కానీ వ్యవసాయాదాయం మీద పన్ను లేదు గనక ఆ ఆదాయం ఏ ఫారంలోనూ కనబడదు. పంచాయతీల్లో పెత్తనం చేసేవాళ్లలో ఇలాంటి ఆసాములు తక్కువేం కాదు. వాళ్లకు కార్డుంటే రూలు ప్రకారం పట్టుకోవడం కష్టం. వెనకబడిన కులం నుంచి రిజర్వేషన్‌లో గెలిచి, నిన్నటిదాకా కూలికెళ్లిన సర్పంచమ్మ మీద ఆరోపణ చేయడం మాత్రం చాలా సులువు.

గ్రామ సచివాలయంలో అర్హత తనిఖీని సిక్స్ స్టెప్ వాలిడేషన్ అంటారు. భూమి, నాలుగు చక్రాల బండి, కరెంటు, ప్రభుత్వోద్యోగం, ఆదాయపన్ను, పట్నంలో ఇంటి విస్తీర్ణం. ఆరు డేటాబేసుల్లో ఆధార్ నంబరు కొట్టి చూస్తారు. తెర మీద ఆరు గడులు, ఏదో ఒక దాంట్లో ఎర్రగీత పడితే అనర్హత. ఒక ఇంటిని ఊహించుకోండి. ముగ్గురన్నదమ్ములు పక్కపక్క గదుల్లో కాపురముంటారు. మీటరు ఒకటే, చనిపోయిన నాన్న పేరు మీదుండి పెద్దకొడుకు ఆధార్‌కు ముడిపడింది. ఎండాకాలంలో మూడు ఇళ్ల ఫ్యాన్లూ కూలర్లూ కలిసి 300 యూనిట్లు దాటితే పెద్దోడి బియ్యం కార్డుకు గండం. చిన్నోడు ఎప్పుడో బెంగళూరులో అద్దెకు తిప్పడానికి కొన్న కారు ట్యాక్సీ నంబరు ప్లేటుది అయితే ఇబ్బంది లేదు, సొంతదిగా నమోదైతే బియ్యం కార్డుకు ఉంది. హౌస్‌హోల్డ్ మ్యాపింగులో ముగ్గురూ ఒకే కుటుంబంగా పడ్డారనుకోండి, ఒకడి కారు ముగ్గురి నెత్తినా కూర్చుంటుంది. వీళ్లలో నడిమోడు సర్పంచనుకుందాం. అతనికి అర్హత ఉందా లేదా? జవాబు అతని పదవిలోనూ లేదు, జేబులోనూ లేదు. మ్యాపింగు ఎలా జరిగిందన్న దాంట్లో ఉంది. ఆన్‌లైన్ భూ రికార్డైన వెబ్‌ల్యాండులో ఎవరి ఖాతాలోనో పడ్డ సర్వే నంబరు వల్ల కార్డు పోయి, సోమవారం సోమవారం కలెక్టరేట్ మెట్లెక్కే జనాన్ని చూస్తే ఆరు గడుల మీద నమ్మకం సడలుతుంది.

అలాగని పదవికి ఇందులో పాత్రే లేదంటే అమాయకత్వం. పాత్ర ఉంది. మ్యాపింగు సరిచేయించుకోవడానికి మామూలు మనిషి ఆరు వారాలు తిరిగితే, సర్పంచు ఫోను చేస్తే సాయంత్రానికి పనవుతుంది. ఆదాయ ధ్రువపత్రానికి విచారణ చేసే వీఆర్వో రోజూ తేనీరు తాగేది ఎవరి అరుగు మీద? ఆరోగ్యశ్రీ జాబితాలో లేని జబ్బుకు ముఖ్యమంత్రి సహాయ నిధి కావాలంటే ఎమ్మెల్యే సిఫారసు లేఖ ఎవరికి ముందు దొరుకుతుంది? పదవిని కార్డు అర్హతలో కాక ఈ వరుసలో వెతకాలి. ‘‘నీకు కార్డెందుకుంది’’ అన్న ప్రశ్న కంటే ‘‘నీ కార్డు ఎన్నాళ్లకు వచ్చింది, నా కార్డు ఎందుకు రాలేదు’’ అన్న ప్రశ్నకే పదును ఎక్కువ. దురదృష్టమేమంటే ఊళ్లో మొదటిదే గట్టిగా వినిపిస్తుంది.

సరే, అనుమానం వచ్చిందనుకుందాం. నిరూపించడం ఎలా? మన దగ్గరున్న గట్టి కాగితం చాలామందికి గుర్తుండదు, అది నామినేషన్ పత్రం. పంచాయతీ ఎన్నికల్లో పోటీచేసే అభ్యర్థి తన ఆస్తులు, అప్పులు ప్రకటిస్తూ డిక్లరేషన్ ఇవ్వాలి. 2021 ఫిబ్రవరిలో నాలుగు విడతల్లో జరిగిన ఎన్నికల్లోనూ ఇచ్చారు. నోటీసు బోర్డుకెక్కే బహిరంగ పత్రమది. అందులో రాసిన భూమికీ, కార్డు కోసం చెప్పిన భూమికీ తేడా ఉంటే ఎవరూ గొంతు చించుకోనక్కర్లేదు, కాగితమే మాట్లాడుతుంది. రెండు కాగితాలూ ప్రభుత్వం చేతిలోనే ఉన్నా పక్కపక్కన పెట్టి చూసే ఏర్పాటు మాత్రం ఏ కార్యాలయానికీ అప్పగించలేదు.

సమాచార హక్కు దారిలో వెళ్తే కొంత దూరం వెళ్లాక గోడ తగులుతుంది. 2005 చట్టం నాలుగో సెక్షన్ ప్రకారం సబ్సిడీ పథకాల లబ్ధిదారుల వివరాలు ఎవరూ అడక్కముందే ప్రభుత్వం బయటపెట్టాలి. కాబట్టి ఫలానా కుటుంబానికి కార్డుందా అన్నది దాపరికం కాకూడదు. కానీ ఏ జబ్బుకు, ఏ ఆసుపత్రిలో, ఏం చేయించుకున్నారన్నది వేరే సంగతి. వైద్య రికార్డులు వ్యక్తిగత సమాచారమని సుప్రీంకోర్టు 2019 నవంబరులో సుభాష్ చంద్ర అగర్వాల్ కేసు తీర్పులో చెప్పింది. అంతకుముందు 2012లోనే గిరీశ్ రామచంద్ర దేశ్‌పాండే కేసులో ఉద్యోగి ఆస్తుల వివరాల్నీ ఆ గొడుగు కిందికి చేర్చింది. పైగా 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం, సమాచార హక్కు చట్టంలోని 8(1)(జె)ని మార్చేసింది. వ్యక్తిగత సమాచారమంటే చాలు, ఇవ్వనక్కర్లేదు అన్నట్టుగా ఉంది ఆ మార్పు. ప్రజాప్రయోజనం ఎక్కువైతే ఇవ్వొచ్చన్న 8(2) ఇంకా మిగిలే ఉంది, దాన్ని పట్టుకునే వాదించాలి. నా మటుకు నాకు, సర్పంచు గుండెలో ఎన్ని స్టెంట్లు పడ్డాయో ఊరికి అక్కర్లేదు. ఆ కుటుంబం ఏ పథకంలో, ఏ అర్హత కింద, ఎప్పటి నుంచి ఉందో కావాలి. ఈ రెంటినీ కలిపేసి అధికారులు రెండూ దాచేస్తారు, ప్రత్యర్థులు రెండూ అడుగుతారు.

దాచే అలవాటు ఈ నేలది కాదు మరి. 2006 ఫిబ్రవరి 2న ఉపాధి హామీ పథకాన్ని దేశం మొత్తానికీ ప్రారంభించింది ఇక్కడే, నార్పల మండలం బండ్లపల్లిలో, ప్రధాని మన్మోహన్ సింగ్, సోనియా గాంధీ వచ్చి. ఆ పథకంతోపాటు సామాజిక తనిఖీ వచ్చింది. గ్రామసభలో మస్టరు పట్టుకుని ఎవరెన్ని రోజులు పనిచేశారో, ఎంత కూలి పడిందో పేరుపేరునా చదివేవాళ్లు. చనిపోయినోళ్ల పేరు, ఊళ్లో లేనోళ్ల పేరు వినబడగానే జనం నవ్వేవాళ్లు, తర్వాత నిలదీసేవాళ్లు. ఎండలో మట్టి తవ్విన కూలీ దినాలను అందరి ముందూ చదవడానికి లేని మొహమాటం, లక్షల ఖరీదైన వైద్యానికి అర్హుల జాబితా చదవడానికి ఎందుకొచ్చిందో ఆలోచించాలి. జబ్బు పేరు తీసేసి చదవొచ్చుగా.

అమెరికాలో ఈ తగువు వేరే రూపంలో ఉంది. అక్కడ పట్టణ కౌన్సిల్ సభ్యుల్లాంటి చిన్న పదవులవాళ్లు కూడా ఉద్యోగుల ఆరోగ్య బీమాలో చేరేవారు. నెలకు రెండు మీటింగులకొచ్చే మనిషికి పన్నుల డబ్బుతో కుటుంబం మొత్తానికీ బీమా ఏమిటని జనం గొడవ చేశారు. న్యూజెర్సీ రాష్ట్రం 2010లో చట్టం తెచ్చి, వారానికి 35 గంటలు పనిచేసే పూర్తికాల పదవైతేనే కొత్తగా వచ్చే స్థానిక ప్రతినిధులకు ఆ బీమా అంది. అక్కడ అడిగేది ‘ఎన్ని గంటలు పనిచేస్తావు’ అని, ఇక్కడ అడిగేది ‘ఎంత ఆస్తి ఉంది’ అని. ఆ కొలత మనకు పెడితే తెల్లారేసరికి నీళ్ల ట్యాంకరు రాలేదని తలుపు తట్టించుకునే అనంతపురం సర్పంచు 35 గంటలు బుధవారానికే పూర్తిచేస్తాడు. అందుకే వైద్య సౌకర్యం కావాలన్న స్థానిక ప్రతినిధుల కోరికను నేను తేలిగ్గా కొట్టిపారేయను. మూడు వేలిచ్చి, జబ్బొస్తే నీ చావు నువ్వు చావమని, ఆపైన ఆరోగ్యశ్రీ వాడుకుంటే దొంగ అనడం ఏం న్యాయం?

అనర్హుల చేరిక కట్టుకథేం కాదు. ఆయుష్మాన్ భారత్ మీద కాగ్ 2023 ఆగస్టులో పార్లమెంటుకిచ్చిన నివేదికలో, 9999999999 అన్న ఒకే ఫోను నంబరుకు 7,49,820 మంది లబ్ధిదారులు ముడిపడి ఉన్నారని తేలింది. కొన్ని రాష్ట్రాల్లో ప్రభుత్వ పింఛనుదార్లకూ కార్డులున్నాయని రాసింది. ఇంత పెద్ద చిల్లు పడ్డది ఏ సర్పంచు వల్లా కాదు, డేటాబేసును ఎవరూ సరిగ్గా చూడనందువల్ల.

పైకి చూద్దాం కాసేపు. ఎమ్మెల్యేలకూ, మాజీలకూ వైద్య ఖర్చులు ప్రభుత్వం తిరిగి చెల్లిస్తుంది. అక్కడ ఎకరాల లెక్క లేదు, మీటరు రీడింగు లేదు, కార్ల సంఖ్య అడగరు. ఐదేళ్లు శాసనసభలో ఉన్నవాళ్లు ఆ తర్వాత పట్టణానికి చైర్మన్‌గా రావడమూ ఉంది. తాడిపత్రి మున్సిపాలిటీకి 2021లో చైర్మన్ అయిన జె.సి. ప్రభాకర్ రెడ్డి 2014 నుంచి 2019 దాకా ఆ ఊరి ఎమ్మెల్యేనే. అలాంటి వారికి వైద్య సౌకర్యం హక్కుగా వచ్చేది పాత పదవితో, కొత్త పదవితో కాదు. చట్టబద్ధమే, తప్పుపట్టే పనిలేదు. కానీ వార్డు మెంబరు కార్డు మీద పెట్టే భూతద్దం ఆ వైపు ఎప్పుడూ తిరగదెందుకు?

కిందికి చూస్తే అంగన్‌వాడీ టీచర్లు. 2019లో వాళ్ల గౌరవ వేతనాన్ని 11,500 చేశారు. పల్లెలో బియ్యం కార్డు గీత 10,000. పెంచిన జీతమే సంక్షేమ పథకాలకు అడ్డుపడింది. ఉద్యోగులుగా గుర్తించరు గనక ఈహెచ్‌ఎస్ లేదు, ఆదాయం దాటింది గనక బియ్యం కార్డు లెక్కలో పేదలు కారు. 2023 డిసెంబరులో వాళ్లు సమ్మెకు దిగి నలభై రోజుల పైన రోడ్ల మీద కూర్చున్నప్పుడు చెప్పుకున్న బాధల్లో ఇదీ ఒకటి. స్థానికంగా ప్రభుత్వం పేరు మీద పనిచేస్తూ ఏ గడిలోనూ సరిగ్గా ఇమడని మనుషులు వీళ్లు. అర్హత మీద నిజంగా చర్చ జరగాలంటే వీళ్ల దగ్గర మొదలుపెట్టాలి.

అన్నట్టు, కార్డడగని వైద్యమూ ఈ పీఠభూమిలోనే ఉంది. పుట్టపర్తి దగ్గర ప్రశాంతిగ్రామంలో 1991 నవంబరులో తెరిచిన సత్యసాయి సూపర్ స్పెషాలిటీ ఆసుపత్రిలో బిల్లు కౌంటరే లేదు. ఆసామీ కూలీ అందరూ ఒకే వరుస. అది దాతల డబ్బు, దాని తూకం వేరు. పన్నుల డబ్బుతో అలా చేయగలమా అన్న ప్రశ్న మాత్రం మెల్లగా దగ్గరికొస్తోంది. 2024 అక్టోబరులో కేంద్రం 70 ఏళ్లు నిండినవాళ్లందరికీ ఆదాయంతో నిమిత్తం లేకుండా ఐదు లక్షల దాకా వైద్యం మొదలుపెట్టింది. డెబ్బై దాటిన సర్పంచును ఇక ఎవరూ ప్రశ్నించలేరు. 2025 సెప్టెంబరులో రాష్ట్ర మంత్రివర్గం ఉద్యోగులు మినహా కోటీ 63 లక్షల కుటుంబాలన్నిటికీ రెండున్నర లక్షల దాకా బీమా కంపెనీ ద్వారా, పేద కుటుంబాలకు అక్కణ్నుంచి పాతిక లక్షల దాకా ట్రస్టు ద్వారా వైద్యం ఇచ్చే విధానానికి ఆమోదం తెలిపింది. ఆ మరుసటి నెలలోనే బకాయిలు తీర్చలేదని ప్రైవేటు ఆసుపత్రులు సేవలు ఆపేశాయి. చేతిలో కార్డున్నా వెనక్కి తిరిగొచ్చిన రోగికి అర్హత గొడవ ఎంత దూరమో చెప్పక్కర్లేదు.

ఆ విధానం అమలైతే గొడవ గుమ్మం దగ్గర్నుంచి రెండున్నర లక్షల మెట్టు దగ్గరికి మారుతుంది. చిన్న ఆపరేషన్లకు అందరూ అర్హులే. క్యాన్సరు, కిడ్నీ మార్పిడి, కాలేయం లాంటి వాటికి వచ్చేసరికి మళ్లీ పేద ఎవరు అన్న ప్రశ్న. మళ్లీ అవే ఎకరాలు, అదే మీటరు, అదే మ్యాపింగు. ఈసారి ఒక్కో కుటుంబం విషయంలో తేలాల్సిన మొత్తం ఇరవై లక్షలకు పైనే. సిఫారసుకు ధర పెరుగుతుంది.

దానికి ముందు చేయగలిగిన చిన్న పని ఒకటుంది. స్థానిక ఎన్నికల డిక్లరేషన్‌లో ఒక గడి కలపాలి: కుటుంబం ఏ ప్రభుత్వ వైద్య పథకంలో ఉంది, ఏ అర్హత కింద. ఈహెచ్‌ఎస్, ఆరోగ్యశ్రీ, మాజీ ఎమ్మెల్యే సౌకర్యం, లేదా ఏదీ లేదు. జబ్బు పేరు అక్కర్లేదు, బిల్లు అక్కర్లేదు. శాసనసభకు పోటీచేసేవాళ్ల అఫిడవిట్‌లోనూ అదే గడి పెట్టాలి. పైవాళ్లు ఒప్పుకోరనే నా అనుమానం. కిందివాళ్లకే పెట్టి ఊరుకుంటే మాత్రం నేనీ సూచన వెనక్కి తీసుకుంటాను.